ఇద్దరికీ ఉన్నదే కదా, ఇంకా నిరోధ్ దేనికి?

ప్రశ్న: నా వయసు 31. మాది పల్నాడు జిల్లాలో ఓ పల్లె. మొదటి భర్త చనిపోయాక చేయించిన పరీక్షలో నాకు హెచ్ఐవీ ఉందని తెలిసింది. ఆరేళ్లుగా ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను, ఒక్క పూట కూడా మానలేదు. పోయిన నెల వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) రిపోర్టులో టీఎన్‌డీ అని, అంటే వైరస్ కనబడలేదని వచ్చింది. ఏడాదిన్నర కిందట, నాలాగే పాజిటివ్ అయిన ఆయన్ని రెండో పెళ్లి చేసుకున్నాను. ఆయన తాపీ పని చేస్తారు. హైదరాబాద్ వెళ్తే నెల, నెలన్నర అక్కడే. షెడ్డులో పదిమందితో కలిసి ఉండాలి కాబట్టి అక్కడ మందులు సరిగా వేసుకోరు. మొన్న ఆయన వైరల్ లోడ్ 4,300 వచ్చింది. కౌన్సెలర్ మేడమ్ కండోమ్ తప్పకుండా వాడమన్నారు. ఆయనేమో "ఇద్దరికీ ఉన్నదే కదా, ఇంకా నిరోధ్ దేనికి? నా మీద నమ్మకం లేదా?" అంటారు. టీఎన్‌డీ వచ్చినవాళ్లకు అవేవీ అక్కర్లేదని, ప్రపంచమంతా ఒప్పుకున్నారని ఆయన స్నేహితుడు చెప్పాడట. ఒకటి రెండుసార్లు వాడాం. మంటగా ఉందని కొబ్బరినూనె రాస్తే అది కాస్తా చిరిగిపోయింది. ఇప్పుడు మూడు వారాల నుంచి నాకు తెల్లబట్ట, దురద. ఎక్కడైనా తిరిగి తెచ్చారేమోనని అనుమానం వస్తోంది. అడగాలంటే భయం. ఇదంతా ఇలా ఉంటే, మా ఇద్దరికీ బిడ్డ కావాలని ఉంది. నాకు దారి చెప్పండి.

(పేరు రాయవద్దని కోరారు)

సమాధానం: అమ్మా, ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. ఇప్పుడు మీ ఇద్దరి మధ్య నిరోధ్ ఉండాలి. కౌన్సెలర్ చెప్పింది సరైన మాట. కానీ జీవితాంతం ప్రతిసారీ వాడి తీరాలని కాదు. మీవారి వైరల్ లోడ్ తగ్గాక, మీ తెల్లబట్ట సంగతి తేలాక, అప్పుడు వాడాలా మానాలా అన్నది మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు. ఈ గడువు సంగతి చెప్పకుండా "వాడండి" అని మాత్రమే అంటే ఏ మగవాడికైనా శిక్ష వేసినట్టే అనిపిస్తుంది. మీవారి విసుగులో కొంత దీనివల్లే వచ్చి ఉండొచ్చు.

మీవారి స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే చెప్పాడు. మందులు క్రమంగా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, కనీసం ఆరు నెలలు అలాగే నిలబడితే, ఆ మనిషి నుంచి సెక్స్ ద్వారా హెచ్ఐవీ ఇంకొకరికి అంటదు. ఇది ఎవరో ధైర్యం కోసం చెప్పిన మాట కాదు. ఒకరికి హెచ్ఐవీ ఉండి ఒకరికి లేని జంటల మీద తొమ్మిది దేశాల్లో పెద్ద అధ్యయనం చేశారు. అందులో మన చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నాయి. త్వరగా మందులు మొదలుపెట్టిన వారి నుంచి భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఆ తర్వాత ఐరోపాలో, వైరస్ అదుపులో ఉండి కండోమ్ వాడని జంటలను ఏళ్ల తరబడి గమనించారు. 2016లో వెలువడిన ఫలితాల్లో సుమారు 58 వేల కలయికల లెక్క ఉంది. మందులు వాడుతున్న భాగస్వామి నుంచి అంటిన కేసు ఒక్కటీ లేదు. మగవారి జంటల మీద 2019లో వచ్చిన ఫలితాల్లోనూ అదే సున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో ఇదే మాట తేల్చి చెప్పింది. మీరు ఆరేళ్లుగా ఒక్క పూట తప్పకుండా వేసుకున్న మాత్రల విలువ అంత. మీ టీఎన్‌డీ చూసి మీరు ధైర్యంగా ఉండాలి, ఎవరికో ప్రమాదకారినన్న భావన మనసులో ఏ మూలనైనా ఉంటే దాన్ని తీసేయాలి.

స్నేహితుడు వదిలేసిన సగం ఏమిటంటే, ఆ రిపోర్టు ఎవరిది అన్నది. టీఎన్‌డీ మీది. మీవారిది 4,300. మీ రిపోర్టు మీ నుంచి ఆయనకు వెళ్లే వైరస్ గురించి చెబుతుంది, ఆయన నుంచి మీకు వచ్చేదాని గురించి చెప్పదు. ఒకే ఇంట్లో ఉన్నా, ఒకే రకం మందు వాడుతున్నా, ఎవరి రిపోర్టు వారిదే.

ఆ 4,300 అంకెకు అర్థం కూడా తెలుసుకోండి. ఒక మిల్లీలీటరు రక్తంలో అన్ని వైరస్ కాపీలు ఉన్నాయని. మందులు అసలు వాడనివారిలో ఇది లక్షల్లో కూడా ఉంటుంది కాబట్టి, మీవారు పూర్తిగా మానేయలేదని, మధ్యమధ్యలో వేసుకుంటున్నారని అనుకోవచ్చు. నిజానికి అలా మధ్యమధ్యలో వేసుకోవడమే ఎక్కువ చిక్కు. రక్తంలో మందు కొంచెమే ఉన్నప్పుడు వైరస్ చావదు, ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. అలా మొండికేసిన వైరస్‌కు ఇప్పుడు వాడుతున్న మందు పనిచేయకపోతే వేరే మందులకు మారాలి. ఆ మొండి వైరస్ మీకు అంటితే, ఆరేళ్లుగా మీకు చక్కగా పనిచేస్తున్న మందు కూడా పనిచేయకుండా పోయే అవకాశం ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. మీరు రోజూ మందు వేసుకుంటున్నారు, ఆ మందే మీకు చాలావరకు రక్షణ. పాజిటివ్ అయినవారికి, అందులోనూ క్రమంగా మందులు వాడేవారికి, మళ్లీ ఇంకో రకం హెచ్ఐవీ అంటడం అరుదు. ఇప్పటిదాకా జరిగినదాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఇకముందు కొన్ని నెలలు మాత్రం జాగ్రత్త పడండి అంటున్నాను.

"ఇద్దరికీ ఉన్నదే కదా" అన్న మాటకు ఇంకో జవాబు ఉంది. నిరోధ్ ఆపేది హెచ్ఐవీని ఒక్కదాన్నే కాదు. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులు, హెపటైటిస్-బి కూడా అదే దారిలో వస్తాయి. హెర్పిస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ కూడా అంతే, నిరోధ్ వీటిని పూర్తిగా ఆపలేకపోయినా చాలావరకు తగ్గిస్తుంది. వైరల్ లోడ్ ఎంత తగ్గినా వీటికి అడ్డుపడదు. ఏఆర్‌టీ మాత్రలోని కొన్ని మందులు హెపటైటిస్-బి మీద కూడా పనిచేస్తాయి గానీ, మిగతావాటిని ఆపవు. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావారికంటే ఆరు రెట్లు ఎక్కువ. అందుకే తెల్లబట్టకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, "నాకు గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా చేయండి" అని మీరే అడగండి. చాలామంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్తూ కూడా ఈ ఒక్క పరీక్ష చేయించుకోరు. అడగాలని వారికి తెలియదు. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు తెల్లబట్ట, దురద గురించి. ఇది చూసి మీవారిని అనుమానించకండి. పెరుగులా గడ్డలుగా ఉండి దురద పెడితే అది చాలాసార్లు ఫంగస్ ఇన్‌ఫెక్షన్. నీచువాసన వస్తూ పలచగా ఉంటే లోపల సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతూకం తప్పిందని అనుకోవచ్చు. ఈ రెండూ బయటి సంబంధం ఏదీ లేకుండానే వస్తాయి. షుగర్ ఉన్నా, యాంటీబయాటిక్స్ వాడినా, సబ్బుతోనో డెట్టాల్‌తోనో లోపల కడుక్కున్నా వస్తాయి. అలా లోపల కడిగే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి, పైపైన మామూలు నీళ్లు చాలు. సుఖవ్యాధి వల్ల వచ్చే తెల్లబట్ట కూడా ఉంటుంది, కాదనను. కానీ ఏది ఏమిటో డాక్టర్ చూడకుండా మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ప్రభుత్వ జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. అక్కడ పరీక్ష, మందులు రెండూ ఉచితం. ఏ లక్షణానికి ఏ రంగు కిట్ అని ముందే కట్టి ఉంచిన మందులు ఇస్తారు. సిఫిలిస్ రక్తపరీక్ష కూడా చేస్తారు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, పుండ్లు ఉంటే మాత్రం రేపటిదాకా ఆగవద్దు.

అక్కడ డాక్టర్ మీవారికి కూడా మందు ఇవ్వాలని అంటే, దాన్ని నేరం రుజువైనట్టు తీసుకోకండి. అలాంటి జబ్బుల్లో ఇద్దరికీ ఒకేసారి చికిత్స చేయకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఇద్దరి మందులూ పూర్తయ్యేవరకు కలవకుండా ఉండటం మేలు. ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియదు. దురదకు యోనిలో పెట్టుకునే మాత్రలు, రాసుకునే క్రీములు కొన్ని నిరోధ్ రబ్బరును దెబ్బతీస్తాయి. వాటిని వాడుతున్న రోజుల్లో నిరోధ్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు.

చిరిగిన సంగతికి వద్దాం. మీరు తప్పుగా వాడారని సిగ్గుపడొద్దు, మన ఇళ్లలో ఒంటికి, తలకు, పుండుకు, అన్నింటికీ కొబ్బరినూనే. కానీ నిరోధ్ చేసేది రబ్బరుతో. నూనె తగిలితే ఆ రబ్బరు కొద్ది నిమిషాల్లోనే పట్టు తప్పి, ఒత్తిడికి చిట్లుతుంది. కొబ్బరినూనె, వాజలీన్, వెన్న, బేబీ ఆయిల్, ఒంటికి రాసే క్రీములు అన్నీ అంతే. నీటితో తయారైన జెల్ మాత్రమే వాడాలి. మందుల షాపులో కేవై జెల్లీ లాంటిది అడిగితే ఇస్తారు, ఎందుకని ఎవరూ ఆరా తీయరు. అది దొరకని రోజు కాస్త ఆగండి. మంటకు కారణం చాలాసార్లు తొందరే. నెలన్నర తర్వాత ఇంటికి వచ్చిన మనిషి, అత్తామామలు పక్క గదిలో, దీపం ఆర్పేసి గబగబా. అలా అయితే ఆడవాళ్ల ఒంట్లో తడి ఊరడానికి సమయమే ఉండదు. పైగా ఇప్పుడు మీకు ఇన్‌ఫెక్షన్ ఉంది, అదీ మంటకు ఒక కారణం. అది తగ్గాక సగం ఇబ్బంది తగ్గుతుంది.

నిరోధ్ ప్యాకెట్లు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. పల్నాడు ఎండలకు రేకుల కింద అటక మీద దాచినది, చొక్కా జేబులో, పర్సులో నెలల తరబడి నలిగినది పనికిరాదు. చల్లని చోట, బట్టల అడుగున పెట్టండి. ప్యాకెట్ మీద తేదీ చూడండి. వేలితో నొక్కితే లోపల గాలి బుడగలా కదలాలి, అప్పుడు అది చెక్కుచెదరలేదని లెక్క. పళ్లతో, కత్తెరతో కాకుండా పక్క అంచు దగ్గర చేత్తో చించండి. మగవారి అంగం గట్టిపడ్డాక, లోపలికి పోకముందే తొడగాలి. మధ్యలో తొడుక్కోవడం వల్ల ఉపయోగం తక్కువ. చుట్టుకున్న అంచు బయటివైపు ఉండాలి. కొసను రెండు వేళ్లతో నొక్కి, గాలి తీసేసి, మొదలంటా విప్పాలి. ఆ కొసలో గాలి మిగిలితే అక్కడే చిట్లుతుంది. తిరగేసి పెట్టానని మధ్యలో తెలిస్తే దాన్నే తిప్పి తొడగవద్దు, కొత్తది తీసుకోవాలి. వీర్యం పడ్డాక అంగం మెత్తబడకముందే, అంచును వేళ్లతో పట్టుకుని బయటికి తీయాలి. ముడివేసి కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి. రక్షణ ఎక్కువ ఉంటుందని ఒకదాని మీద ఒకటి రెండు తొడుగుతారు కొందరు, అవి రాసుకుని రెండూ చిరుగుతాయి. ఎప్పుడైనా చిరిగి, ఇప్పుడే గర్భం వద్దనుకుంటే 72 గంటల్లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. మీరు వాడే మందు పేరు డాక్టర్‌కు చెప్పండి. ఎఫావిరెంజ్ ఉన్న పాత మందుతో ఆ మాత్ర బలం తగ్గుతుంది, డోలుటెగ్రవిర్ ఉన్న ఇప్పటి మాత్ర టీఎల్‌డీతో ఆ సమస్య లేదు.

నిరోధ్ కొనడానికి మొహమాటపడే అవసరం కూడా లేదు. పరీక్షలు చేసే ఐసీటీసీలో, ఏఆర్‌టీ సెంటర్‌లో, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. నెల మందులతోపాటు అడిగి తీసుకోండి.

ఇక అసలు సమస్య నా దృష్టిలో నిరోధ్ కాదు. హైదరాబాద్ షెడ్డులో ఆయన మింగకుండా ఉన్న మాత్ర. అది సరిపడితే మిగతావన్నీ ఒక్కొక్కటిగా దారికి వస్తాయి. ఆయన నిర్లక్ష్యంతో మానడం లేదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. పదిమంది మధ్య ఆ సీసా తీయాలంటే భయం. ఎవరైనా పేరు చదివి ఫోన్‌లో వెతికితే పని పోతుందని, పక్కన పడుకోనివ్వరని భయం. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. దానికి ఉపాయం చూడాలి.

మీవారు వాడేది టీఎల్‌డీ అయితే, అది రోజుకు ఒక్కటే మాత్ర. రాత్రి తొమ్మిదికే వేసుకోవాలని ఎక్కడా లేదు. అన్నం తిన్నాక అయినా, తినకముందు అయినా ఫర్వాలేదు. షెడ్డులో అందరూ ఉండే రాత్రివేళ కుదరకపోతే, తెల్లవారి బహిర్భూమికో స్నానానికో వెళ్లే వేళకు మార్చుకోవచ్చు. ఏ వేళ అన్నదానికంటే రోజూ అదే వేళ అన్నది ముఖ్యం. సీసా మీది కాగితం పీకేసినా నష్టం లేదు. పెద్ద సీసా వద్దనుకుంటే మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాలో కొన్ని రోజులకు సరిపడా వేసుకుని, సీసాలో ఉండే ఆ తేమ పీల్చే చిన్న పొట్లాన్ని కూడా అందులో వేయాలి. కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటే చెమటకు మాత్రలు పాడవుతాయి. ఎవరైనా అడిగితే "బలానికి డాక్టర్ రాశాడు" అంటే చాలు. ఏ జబ్బుకు అన్నది చెప్పాల్సిన బాధ్యత ఆయనకు లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం, ఆ కారణం చూపి ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. షెడ్డులో చట్టం ఎంతవరకు పనికొస్తుందన్న సందేహం మీకు రావచ్చు, కానీ తప్పు ఆయనది కాదని తెలిసి ఉండటం కూడా ఒక బలమే.

ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు. తాపీ పనివాళ్లలో సాయంత్రం కాస్త మద్యం పుచ్చుకునే అలవాటు ఉంటుంది. తాగిన రోజు మాత్ర వేసుకుంటే ఏదో అవుతుందని మానేసేవారు చాలామంది. తాగకుండా ఉంటే మంచిదే, కానీ తాగిన రోజైనా మాత్ర మానకూడదు. గ్యాస్‌కు తాగే గులాబీ రంగు మందు, బలానికి వాడే ఐరన్, కాల్షియం మాత్రలు టీఎల్‌డీతో కలిస్తే ఒంటికి మందు సరిగా పట్టదు. గ్యాస్ మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నంతోపాటు కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపున కలపకూడదు. ఇది మీకూ పనికొచ్చే మాట, రేపు గర్భం వస్తే ఆ మాత్రలు మీకూ ఇస్తారు.

ఊరు దాటి పనికి వెళ్తున్నానని ముందుగా చెబితే ఏఆర్‌టీ సెంటర్ వాళ్లు అందుకు తగ్గట్టు మందులు సర్దుతారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రుల్లోనూ ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి. ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చిన పుస్తకం దగ్గర పెట్టుకుంటే, మందులు అయిపోయినప్పుడు అక్కడికి వెళ్లవచ్చు. "మందులు అయిపోయాయి, ఊరికి వెళ్లాక చూద్దాం" అన్న ఆ పదిహేను రోజుల్లోనే ఎక్కువమంది వైరల్ లోడ్ పెరుగుతుంది.

వెయ్యికి పైన వచ్చినవారికి మూడు నెలలు గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చి, మందులు తప్పకుండా వేసుకున్నాక మళ్లీ వైరల్ లోడ్ చేస్తారు. ఉచితమే. చాలామందికి ఆ రెండో పరీక్షలో తగ్గిపోతుంది. తగ్గకపోతే మందు మార్చాలా అని పెద్ద డాక్టర్లు చూస్తారు. కాబట్టి మీవారి ముందు ఉంచాల్సిన గడువు ఇది: మూడు నెలలు మాత్రలు, ఆ తర్వాత రిపోర్టు, అది బాగుండి ఆరు నెలలు అలాగే నిలబడితే నిరోధ్ గురించి కొత్తగా మాట్లాడుకోవచ్చు.

ఎలా మాట్లాడాలి అన్నది మీకు అన్నిటికంటే కష్టంగా ఉంది. రెండో పెళ్లి, ఇదీ చెడిపోతే ఏమిటన్న బెంగ మీ ఉత్తరంలో ప్రతి వాక్యంలో కనబడుతోంది. పక్క మీదికి చేరాక ఈ మాట ఎత్తవద్దు, అప్పుడు ఏమన్నా కాదన్నట్టే వినబడుతుంది. పగలు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి వచ్చే బస్సులోనైనా సరే. "మీ వల్ల నాకు వస్తుంది" అని మొదలుపెట్టకండి. "నాకు ఒంట్లో బాగాలేదు, తెల్లబట్టకు మందు వాడుతున్నా, అది తగ్గేదాకా నిరోధ్ పెట్టుకుందాం. మనకు బిడ్డ కావాలి కదా, మీ రిపోర్టు కూడా నాలాగే వచ్చాక మానేద్దాం" అనండి. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు, ఒక్క ముక్కా నింద లేదు. నమ్మకం లేదా అని అంటే, "నమ్మకం ఉంది కాబట్టే మిమ్మల్ని చేసుకున్నా. నిరోధ్ నాకు ఒంట్లో బాగోలేనందుకు" అని చెప్పండి. ఆయన బాధ కూడా వినండి. మొదట్లో పాజిటివ్ అని తెలిసినప్పుడు ఆయన్ని ఎవరో ఏదో అని ఉంటారు, నిరోధ్ చూసిన ప్రతిసారీ అదే గుర్తొస్తుందేమో. చాలామంది మగవాళ్లు పైకి చెప్పే "హాయిగా ఉండదు" అన్న మాట వెనుక ఇదే ఉంటుంది.

మీ ఒక్కరివల్ల కాకపోతే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. మీరు విడిగా ముందే వెళ్లి, "ఆయనకు ఈ మాట మీరు చెప్పండి, నేను అడిగానని అనొద్దు" అని కోరవచ్చు. వాళ్లకు ఇది రోజూ ఉన్న పనే. ఊళ్లో తెలిసినవాళ్లు కనబడతారని జంకు ఉంటే 1097కు ఫోన్ చేయండి, అది ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు. వద్దన్నా బలవంతం చేస్తే, చెయ్యి చేసుకుంటే, అప్పుడది నిరోధ్ సమస్య కాదు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చెప్పండి. మీ ఉత్తరం చదివితే ఆయన అలాంటి మనిషి అనిపించలేదు, అయినా ఈ నంబరు మీ దగ్గర ఉండాలి.

బిడ్డ గురించి ఆఖరున రాశారు గానీ, మీ ఇద్దరినీ ఒక దారిలో పెట్టగలిగే మాట అదే. మీకు బిడ్డ పుట్టవచ్చు, హెచ్ఐవీ లేకుండా పుట్టవచ్చు. మందులు అసలు వాడకపోతే తల్లి నుంచి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే ప్రమాదం ఉంది. మందులతో అది అయిదు కంటే తక్కువకు పడిపోతుంది, గర్భం రాకముందు నుంచే వైరల్ లోడ్ అదుపులో ఉన్న తల్లికి ఇంకా ఎంతో తక్కువ. బిడ్డకు హెచ్ఐవీ వచ్చేది తల్లి నుంచే, తండ్రి నుంచి నేరుగా రాదు. కాబట్టి మీ టీఎన్‌డీనే మీ బిడ్డకు కాపలా. మరి ఆయన వైరల్ లోడ్ ఎందుకు తగ్గాలి అంటే, గర్భం కోసం మీరు నిరోధ్ మానేసే ఆ రోజుల్లో మీకు కొత్త వైరస్ అంటకుండా ఉండటానికి, పుట్టిన బిడ్డకు తండ్రి ఆరోగ్యంగా ఉండటానికి.

డోలుటెగ్రవిర్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకు వెన్నులో లోపం వస్తుందని ఎవరైనా భయపెట్టవచ్చు. 2018లో బోట్స్‌వానా నుంచి వచ్చిన తొలి లెక్కలతో ఆ అనుమానం పుట్టింది. ఇంకా ఎక్కువమంది తల్లులను చూశాక అలాంటి ప్రమాదం కనబడలేదు. గర్భిణులకు కూడా ఇప్పుడు అదే మందు ఇస్తున్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందే మొదలుపెట్టండి. గర్భం వచ్చిందని తెలియగానే ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పండి, మాత్ర ఒక్కరోజూ ఆపకండి. కాన్పు అయ్యాక బిడ్డకు కనీసం ఆరు వారాలు మందు వేస్తారు, ఆరో వారంలో పరీక్ష చేస్తారు, చివరి పరీక్ష 18 నెలలకు. పాలు ఎలా పట్టాలో కాన్పుకు ముందే మాట్లాడుకోండి. మన దగ్గర మందులు వాడుతున్న తల్లులకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టమని చెబుతారు. అంటే మంచినీళ్లు, తేనె, పోతపాలు ఏవీ కలపకూడదు. పాల విషయంలో టీఎన్‌డీ ఉన్నా ప్రమాదం పూర్తిగా సున్నా అనలేం, అందుకే అప్పుడు మీ మందు మరింత జాగ్రత్తగా వేసుకోవాలి.

మీవారు ఈసారి ఊరికి వచ్చేలోపు మీరు సురక్ష క్లినిక్‌లో చూపించుకుని మందు మొదలుపెట్టండి. ఆయన వచ్చిన రెండు మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి, సీసాలో మిగిలిన మాత్రలు కౌన్సెలర్ ముందు పెట్టండి. ఎన్ని మిగిలాయో దాచవద్దని ఆయనకు ముందే చెప్పండి. ఆ లెక్క సరిగా తెలిస్తేనే మందు మార్చాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది డాక్టర్‌కు అర్థమవుతుంది. మళ్లీ వైరల్ లోడ్ ఎప్పుడో ఆ రోజే అడిగి పుస్తకంలో రాయించుకోండి.